దగ్గరి మొఖాలు

మొన్న తెలంగాణ రైల్ రోకోలో ఫోటోలు తీస్తుంటే లాఠీ దెబ్బ తగిలిన మోచెయ్యి ఇంకా వాచే ఉంది. అయినా ఆయన పాత రీలు కెమెరా లెన్సును డిజిటల్ కెమెరాకు బిగిస్తున్నాడు. భార్య కాపడం గుడ్డతో ఎదురుగా కూలబడింది.

"గా ముసలి లెన్సు దీనికి పడ్తదా?"

"కొత్తదాన్ని లాఠీ పగలగొట్టె గద. లేతు మిషన్ మీద నడుమ రింగు చేయించిన. పడ్తది."

"రేపటి ఊరేగింపులనన్న దూరం నిలబడి తియ్యి."

"రింగు జర మందమైందే. దగ్గరి మొఖాలే సాఫ్ వస్తయి. దూరంవి మసక."

"అంటే పోలీసోళ్ల ముక్కు కింద నిలబడ్తవ్."

"ఏం జేస్త మరి?"

"మందం తీయించు."

"లేతు షాపు బంద్. తెలంగాణ కోసమని షట్టర్ దించమన్నది మనమే."

ఆమెకు నవ్వొచ్చింది కానీ నవ్వే ఓపిక లేదు.

"ఇటు చూడు, నిన్ను తీస్త."

ఆయన లెన్సును మెల్లగా తిప్పుతూనే ఉన్నాడు. ఆమెకు మెడ నొప్పి పుట్టింది.

"ఇంకెంతసేపు?"

"కొత్తదాని లెక్క తనంతట తాను ఫోకస్ చేస్కోదు. చేత్తో తిప్పి సాఫ్ చేస్కోవాలె."

"గప్పటిదాంక ఒక కన్ను మూసి, ఒక కన్ను దాంట్ల పెడ్తవా? లాఠీ వస్తే ఎట్ల కనవడ్తది?"

ఆయన కెమెరా దించాడు. ఆమె ఆయన మోచేతికి కాపడం పెట్టింది.

"రేపు నేను గూడ వస్త. ఎనుక నీ అంగి పట్టుకుని నిలబడ్త."

"ఆడోళ్లను గూడ కొడ్తున్నరే."

"కొట్టనీ. నువ్వు మొఖాలు చూడు, నేను లాఠీలు చూస్త. గుంజంగనే ఎనుకకు రావాలె. ఇంకొక్క ఫోటో అనొద్దు."