పదకొండో అంతస్తులో ఆగిన లిఫ్టు

ఆసుపత్రి వెనక గేటు దగ్గర టీ బండి ముందు సెమినార్ బాబాయ్ గొంతు సవరించుకున్నాడంటే, ఇక గ్లాసుల్లో టీలు చల్లారాల్సిందే. ఆయన ఆసుపత్రి లిఫ్టుల మెకానిక్కు. ఇరవై ఏళ్ళలో నలభై సెమినార్లకు వెళ్ళొచ్చాడు, ఆ పేరు ఊరికే రాలేదు.

ఆ ఉదయం ఆయన ఎదుట కూర్చున్నది ఆయన దగ్గర కొత్తగా పనిలో చేరిన అమ్మాయి. మర్నాడు లిఫ్టు బ్రేకుల మీద వర్క్‌షాప్ ఉంది, ఈసారి ఆమెను పంపుతున్నారు. వచ్చే సోమవారం నుంచి స్ట్రెచర్ల లిఫ్టు బాధ్యత ఆమెదే. దాన్ని ఏ అంతస్తులో ఆపినా నేలకన్నా నాలుగు వేళ్ళ మందం కిందికి జారి ఆగుతుంది. ఆ ఎత్తుకి స్ట్రెచర్ చక్రాలు కొట్టుకుని, ఆపరేషనైన మనిషి కెవ్వుమన్నప్పుడల్లా ఆమె ప్రాణం చివుక్కుమనేది.

“వర్క్‌షాప్‌లో ఏం చెయ్యాలి బాబాయ్? ఒక్క ముక్క కూడా వదలకుండా నేర్చుకుని రావాలి,” అంది.

“అలా అడుగు! ముందు వరసలో కూర్చోవాలి. నా మొదటి సెమినార్‌లో అలాగే కూర్చున్నానా, చెప్పేవాడు బోర్డు మీద బ్రేకు బొమ్మ వేస్తుంటే, ‘స్ప్రింగు తిరగేసి వేశారు సార్’ అన్నాను, అంతే, ఆయన చేతిలో సుద్దముక్క కిందపడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఏమైంది?” నిజంగానే తెలుసుకోవాలని ఉంది ఆమెకి.

“మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మూడు గంటలు చెప్పాను. భోజనానికి పిలిచారు, ఒక్కడు లేస్తే ఒట్టు! వంటవాళ్ళే గరిటెలతో వచ్చి నిలబడి విన్నారు.”

“పొయ్యి మీద వంట మాడలేదూ?” అంది టీ పోస్తున్న అక్క.

“మాడింది. ఎవడికి కావాలమ్మా వంట! చేసి చూపించమని పట్టుబట్టారు. ఎనిమిది మంది పట్టే లిఫ్టులో ఎనభై మంది ఎక్కారు. ఎలా పట్టారంటావా, వినాలన్న ఆత్రం ఉంటే మనిషి తనంతట తానే సన్నబడతాడు. మీట నొక్కాను. ఐదు, ఆరు, ఏడు...”

“భవనం ఎన్ని అంతస్తులు?” అన్నాడు స్ట్రెచర్లు తోసే అన్న.

“ఏడే. మనది వెళ్ళి పదకొండులో ఆగింది!”

“తలుపు తీస్తే ఏముంది బాబాయ్?”

“మోకాళ్ళ దాకా మేఘాలు! అక్కడే నిలబడి మిగతా పాఠం చెప్తే కింద రోడ్డు మీద బస్సులు ఆగిపోయాయి. నాకిచ్చిన సర్టిఫికెట్ లిఫ్టులో పట్టక నలుగురు మెట్ల మీదుగా మోసుకొచ్చారు.”

అందరూ పడీపడీ నవ్వారు. అమ్మాయి మాత్రం ఏదో ఆలోచిస్తోంది.

“పదకొండులో నేలకి సమంగా ఆగిందా బాబాయ్?”

“వెంట్రుకవాసి తేడా లేదు!”

“బ్రేకు ఎలా బిగించారు? మన స్ట్రెచర్ల లిఫ్టు ఎందుకు జారుతోంది మరి?”

ఆమె గొంతులో వేళాకోళం లేదు. బాబాయ్ ఖాళీ గ్లాసునే ఎత్తి తాగాడు.

“మూడేళ్ళుగా ఆ నాలుగు వేళ్ళూ స్ట్రెచర్‌ని చేతుల్తో ఎత్తుతున్నాను,” అన్నాడు అన్న. “ఈలోగా మీరు ఆరు సెమినార్లకి వెళ్ళొచ్చారు. ఒక్కసారైనా ఎవరినైనా అడిగారా బాబాయ్?”

ఈసారి ఎవరూ నవ్వలేదు. బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“అడగలేదురా. ఇన్నేళ్ళ మెకానిక్కుకి ఇంతమాత్రం తెలీదా అంటారని సిగ్గేసింది. వెనక వరసలో కూర్చుని వచ్చేసేవాణ్ణి.”

అమ్మాయికి ఆయన మీద జాలేసింది. “నాకు తెలీదని చెప్పి నేను అడుగుతాను బాబాయ్.”

“ఊరికే జారుతోందంటే చాలదమ్మా. ఖాళీగా ఉంటే రెండు వేళ్ళే జారుతుంది, స్ట్రెచర్ ఎక్కితే నాలుగు. పొద్దున తక్కువ, తిరిగి తిరిగి వేడెక్కాక ఎక్కువ. రోజూ కొలుస్తూనే ఉన్నాను. ఇవన్నీ రాసుకెళ్ళు. నా బదులు కూడా నువ్వే అడుగు.”