ఒక్క క్రియాపదం దగ్గర ఆగిన గున్నేశ్వరరావు గారు

1950 జూలై 3వ తేదీన పిఠాపురం మునసబు కోర్టులో నకలు గుమాస్తాగా చేరి, సుదీర్ఘ సేవానంతరం ఈ మే నెలాఖరున మా సబ్ కోర్టు బెంచి గుమాస్తాగా పదవీ విరమణ చేస్తున్న శ్రీ పేరూరి గున్నేశ్వరరావు గారిని గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం, చాలాకాలంగా వారి పక్క బల్ల దగ్గర టైపిస్టుగా కూర్చున్న నాకు దక్కింది. వారు ధీరోదాత్తులని రాయమని ఈ సంచిక సంపాదకులు సూచించారు. సవినయంగా కాదన్నాను. గున్నేశ్వరరావు గారు భయస్తులు. ఆ మాటలో అగౌరవం ఏమీ లేదని ఈ వ్యాసం పూర్తి చేసినవారికి తెలుస్తుంది.

పిఠాపురం నుంచి అమలాపురానికి బదిలీ అయిన రోజుల్లో, గోదావరి పాయ దాటే లాంచీ ఏమాత్రం ఊగినా వారు కళ్ళు మూసుకునేవారట. అధికారి పిలిస్తే లేవకముందే చొక్కా బొత్తాలు తడుముకునేవారు. అయితే ఆ భయమే వారిని అత్యంత జాగరూకులైన ఉద్యోగిగా తీర్చిదిద్దింది. మా కోర్టుకు వచ్చాక, కొత్తగా చేరిన గుమాస్తాలకు వారు మొట్టమొదట నేర్పేది ఇంగ్లీషు క్రియలే. "దావా విత్‌డ్రా చేసుకున్నాడన్నా, హక్కు రిలింక్విష్ చేశాడన్నా, పెళ్ళాన్ని డెసర్ట్ చేశాడన్నా మనం తెలుగులో వదిలేశాడనే అంటాం. ఇక్కడ మాత్రం ఏ మాట పడితే ఆ ఫలితం. చూసుకు రాయండి, భయపడుతూ రాయండి" అనేవారు. మేము నవ్వుకునేవాళ్ళం.

1979 వేసవిలో ఆ నవ్వు ఆగిపోయింది. భార్యను తిరిగి కాపురానికి పంపించమని ఒక బట్టల వ్యాపారి వేసిన దావా అది. ఆమె పేరు ఇక్కడ రాయడం మర్యాద కాదు. ఉప్పాడ వైపు నేతపనివారి అమ్మాయి, ఇరవై రెండేళ్లు దాటి ఉండవు. సాక్షి బోను కర్ర పట్టుకుని నిలబడింది. ఎదురు బెంచీ మీద భర్త, గుమ్మం దగ్గర అతని మనుషులు. ఆమె జవాబులు పంకా చప్పుడులో కలిసిపోతున్నాయి.

"నిన్నెవరైనా గెంటారా?" అని భర్త తరఫు ప్లీడరు గారు అడిగారు.

"లేదండి. నేనే బయటపడ్డానండి."

ఇంకేదో చెప్పబోయి, భర్త కదలగానే ఆగిపోయింది. ప్లీడరు గారు అదే చాలని కూర్చున్నారు. సాక్ష్యాన్ని న్యాయమూర్తి గారు ఇంగ్లీషులో చెబుతుంటే నేను టైపు చేశాను. నన్నెవరూ గెంటలేదు, నా అంతట నేనే భర్త సాహచర్యం నుంచి "విత్‌డ్రూ" అయ్యాను అని. చట్టంలో ఉన్న మాట కూడా అదే. సరైన కారణం లేకుండా అలా వైదొలగిందని తేలితే, కాపురానికి వెళ్ళమని డిక్రీ ఖాయం.

టైపయిన సాక్ష్యాన్ని సాక్షికి తెలుగులో చెప్పి సంతకం తీసుకోవడం బెంచి గుమాస్తా విధి. పని ఒత్తిడిలో అది చాలాచోట్ల రెండు ముక్కల్లో తేలిపోతుంది. ఆనాడు గున్నేశ్వరరావు గారు ఆ వాక్యం దగ్గర ఆగారు. నుదుట చెమట. చొక్కా బొత్తాలు ఒకసారి తడుముకున్నారు.

"నీ అంతట నువ్వే, కాపురం వద్దని ఇష్టపడి మానుకున్నావని ఉందమ్మా ఇందులో. నువ్వు చెప్పింది ఇదేనా?"

ఆమె తలెత్తింది. "ఇష్టం ఏంటండి? జుట్టు పట్టుకుని నూతి దగ్గరికి ఈడ్చుకుపోతుంటే, చెయ్యి కొరికి బయటపడ్డానండి!"

మరుక్షణం ప్లీడరు గారు లేచారు. "ఇదేంటండి? క్రాసు అయిపోయాక గుమాస్తా సాక్షికి నేర్పుతున్నాడు. ఇది మామూలు తప్పు కాదండి, ఆయన మీద చర్య తీసుకోవాలి."

గుమ్మం దగ్గర మనుషులు లోపలికి ఒక అడుగు వేశారు. గున్నేశ్వరరావు గారి పెదవులు తెల్లబడ్డాయి. ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఈ ఉద్యోగమే ఆధారం.

"గుమాస్తా గారూ, ఏం చెప్పారు ఆవిడతో?" అన్నారు న్యాయమూర్తి గారు.

"ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పానండి. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదండి."

న్యాయమూర్తి గారు కాసేపు కాగితం వంక చూసి, ఆమె వైపు తిరిగారు. "బయటపడ్డానంటే ఎలా బయటపడ్డావమ్మా?"

"ప్రాణాలతో అండి."

ఆయన కలం తీసి "విత్‌డ్రూ" అన్న మాటను స్వయంగా కొట్టేశారు. "ఎస్కేప్డ్" అని చెప్పి, నూతి సంగతి కూడా చేర్చమన్నారు. ప్లీడరు గారికి మళ్ళీ ప్రశ్నించే అవకాశం ఇచ్చారు. ఈసారి ఆ అమ్మాయి తడబడలేదు. ఆరు వారాల తరువాత దావా కొట్టివేశారు.

భయం మాత్రం అక్కడితో పోలేదు. తీర్పు వచ్చిన మర్నాడు బస్సు స్టాండు దగ్గర ఆ వ్యాపారి మాకు ఎదురై, రెండు చేతులూ జోడించి, ఎంతో మర్యాదగా, "గుమాస్తా గారూ, తమరి ఇల్లు ఏ వీధండి?" అన్నాడు. గున్నేశ్వరరావు గారు కంగారులో తమ వీధి పేరు ఉన్నదున్నట్టు చెప్పేశారు! "అలాగేనండి" అని అతను వెళ్ళిపోయాడు. తరువాత కొన్ని నెలలపాటు వారిని రోజూ ఇంటిదాకా దిగబెట్టింది నేనే. వెనక సైకిలు బెల్లు మోగితే గోడకు ఆనుకునేవారు. వారి సతీమణి అన్నపూర్ణమ్మ గారు మాకోసం తలుపు సందులోంచి ఎదురుచూస్తుండేవారు. ఆ వ్యాపారి మనుషులెవరూ రాలేదు. కానీ ఎదురుచూపే ఒక శిక్ష.

"అంత భయమున్నవారు ఆ వేళ అంత ధైర్యం ఎలా చేశారండి?" అని ఒకసారి అడిగాను.

"ధైర్యం ఏంటి జీవరాజూ! ఆ పిల్ల అర్థం కాకుండా సంతకం పెట్టేస్తే, రేపు నూతిలో శవం తేలిందని ఎవరైనా వచ్చి చెప్తే నేను ఏమైపోతానని భయమేసింది. పెద్ద భయానికి లొంగాను, అంతే."

ధైర్యం లేకుండానే ఒక ప్రాణాన్ని నిలబెట్టిన ఇటువంటి సహోద్యోగి పక్కన పనిచేయడం నాకు గర్వకారణం. విరమణానంతరం వారు కొవ్వూరులో, గోదావరి గట్టుకు దగ్గరగా కట్టుకున్న చిన్న ఇంటికి వెళుతున్నారు. మొన్న సామాన్లు సర్దడానికి వెళ్ళినప్పుడు అన్నపూర్ణమ్మ గారు నన్ను పక్కకు పిలిచి, "ఆ రోజు నుంచి ఎండాకాలంలో కూడా కిటికీలు తియ్యనివ్వరండి, మీరైనా చెప్పండి" అన్నారు. అందుకే ఈ సంచిక చదివే ఇంతమంది ఎదుట చెబుతున్నాను. పూజ్యులైన గున్నేశ్వరరావు గారు ఆయురారోగ్యాలతో, మనుమలు మనుమరాండ్రతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలనీ, కొవ్వూరు ఇంట నది వైపు కిటికీలు బార్లా తెరుచుకుని, చల్లని గాలికి వారికి తెల్లవార్లూ కమ్మని నిద్ర పట్టాలనీ మా కార్యాలయ సిబ్బంది అందరి తరఫునా మనసారా కోరుకుంటున్నాను.

— జీవరాజు, టైపిస్టు