వేసవి పిల్లి పేలు

స్వీడన్‌లో మధ్యవేసవి పండక్కి ముందురోజు. సరస్సు ఒడ్డున అక్కాతమ్ముళ్లకు ఉమ్మడిగా ఉన్న చెక్క ఇంట్లోంచి అక్క గున్వోర్ ఫోను చేసింది. తమ్ముడు తోర్కెల్ పట్నం నుంచి కారులో బయల్దేరి దారిలో ఉన్నాడు.

"...పండక్కి వస్తున్నానని సంబరపడింది చాలు గానీ, ముందు నా కాళ్ల సంగతి విను. మోకాళ్ల దాకా దద్దుర్లే."

"దోమలై ఉంటాయక్కా. సరస్సు పక్కన దోమలు కాక చిలకలుంటాయా?"

"దోమలు చీలమండల చుట్టూ వరసపెట్టి కుడతాయట్రా? మేజోళ్లలో దూరి కుడతాయా? పేలురా, పేలు! తలలో పేలు కాదు, పిల్లి ఒంటి మీద ఉండి గెంతే పేలు. తలుపు తీసి ఇలా అడుగుపెట్టానో లేదో, గుంపుగా మీద పడ్డాయి."

"మనింట్లో పేలేంటి? ఆగస్టు నుంచి తాళం వేసున్న ఇల్లది. మనిషి లేడు, తిండి లేదు. ఏం తిని బతుకుతాయి?"

"నేనూ అలాగే అనుకున్నా. అందర్నీ అడిగి కనుక్కున్నా. గూళ్లు కట్టుకుని లోపలే పడుంటాయట, నెలల తరబడి. నేల మీద అడుగు పడి అదిరితే చాలు, తిండి నడిచొచ్చిందని బయటికి దూకుతాయట. ఈసారి ఆ తిండి నేనే."

"మందు కొట్టి తలుపులు మూసెయ్. పొద్దున్నకి..."

"కొట్టలేదనుకున్నావా? బయట ఉన్నవి చచ్చాయి. గూట్లో ఉన్నవాటికి మందు తగల్లేదు. వాటిని రప్పించడానికి పొయ్యి రాజేసి, తెల్ల మేజోళ్లు తొడుక్కుని, నడివేసవిలో గదిగదీ తిరుగుతున్నా పిచ్చిదానిలా. కాళ్ల మీదికి ఎక్కినవాటిని సబ్బునీళ్లలో ముంచడం, మళ్లీ తిరగడం. చీపురుతో కాదు, వాక్యూముతో మంచాల కింద, పలకల సందుల్లో, అన్నిచోట్లా లాగడం, ఆ సంచి మూతి కట్టి బయట పారెయ్యడం. దుప్పట్లన్నీ ఉడకబెట్టా. అమ్మ నేసిన గుడ్డపీలికల తివాచీలు కూడా ఉడకబెట్టా. రంగులన్నీ కలిసిపోయి బురదగుడ్డల్లా అయ్యాయి."

"అయ్యో, ఆ తివాచీలా?"

"అయ్యో అనకు! నీ నోట అయ్యో వింటుంటే ఒళ్లు మండిపోతోంది. పోయిన వేసవిలో ఏ జంతువుని తెచ్చావు ఇంట్లోకి?"

"ఏం తేలేదు. ఎలకల మీంచి వచ్చుంటాయి."

"ఎలకలు మేడ మీద నీ కూతురు డీసా మంచంలో పడుకుంటాయా? అన్నిటికంటే ఎక్కువ అక్కడే ఉన్నాయి. చెప్పరా, ఏం తెచ్చావు?"

"ట్రాక్టరు అడ్డొచ్చింది."

"పోనీ. ట్రాక్టరు పోయాకే చెప్పు. నేనేం ఫోను పెట్టెయ్యను."

"చిన్న పిల్లికూనక్కా. సెలవుల్లో ఆడుకోడానికి డీసా మారాం చేసింది. పక్క రైతు ఎవెర్ట్ వాళ్ల పొలంలో ఉన్నాయంటే ఒకటి తెచ్చాం."

"వేసవి పిల్లి! ఒరేయ్, మనింటికి వేసవి పిల్లిని తెచ్చావా? అలాంటివాళ్లని అమ్మ గుమ్మం ఎక్కనిచ్చేదా? సెలవులన్నాళ్లూ ఒళ్లో పెట్టుకుని, బడులు తెరవగానే దాన్ని రోడ్డున పడేసి పోయే సిగ్గులేని వాళ్లని ఎంత తిట్టేది!"

"మేం పడెయ్యలేదు. ఎవెర్ట్‌కే తిరిగిచ్చేశాం."

"ఇచ్చేశారా?"

"ఇచ్చేశాం."

"పండక్కి కొత్త బంగాళాదుంపల కోసం వెళ్లా వాళ్లింటికి. సెప్టెంబరంతా మీ పిల్లి మీ గుమ్మం ముందే కూర్చుని తలుపు తీస్తారని చూసేది, పట్టుకోబోతే మెట్ల కిందికి దూరేది, మంచు పడ్డాక మళ్లీ కనబళ్లేదు అన్నాడు. తల కొట్టేసినట్టయింది నాకు."

"అంటే... తెలిసే అడుగుతున్నావా?"

"ఎన్ని అబద్ధాలు పేరుస్తావో చూద్దామని."

"మా ఆవిడకి పిల్లి బొచ్చు పడదక్కా. తీసుకెళ్లి ఏం చెయ్యను? పిల్లన్నాక వేట వస్తుంది, ఎలాగో బతుకుతుందిలే అనుకున్నాం."

"జనవరిలో గడ్డకట్టిన ఈ సరస్సు మీద లారీలు నడుస్తాయి. ఏం వేటాడుతుందిరా అది? గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టకుండా ఇంట్లో హీటరు మాత్రం సన్నగా పెట్టి పోయావు! పేలకి వెచ్చదనం, పిల్లికి మంచు!"

"అరవకు."

"అరుస్తా! ఆ పిల్ల ఎలా ఊరుకుంది? దానికేం చెప్పావు?"

"ఏదో చెప్పాం."

"ఏదో అంటే?"

"ఇప్పుడెందుకది?"

"ఇప్పుడే కావాలి. క్రిస్మస్‌కి మీ ఇంటికి వస్తే డీసా నా మొహం చూళ్లేదు. నేనల్లిన టోపీ బల్ల మీదే వదిలేసింది. పుట్టినరోజుకి ఫోను చేస్తే పెట్టేసింది. పన్నెండేళ్లొచ్చాయి, ఆ వయసే అంత అని నువ్వే అన్నావు. నేనేం పాపం చేశానా అని అప్పట్నుంచీ కుమిలి చస్తున్నా. పిల్లల్లేనిదాన్నిరా, నాకున్నది అదొక్కతే. ఫోను దానికివ్వు."

"వెనక సీట్లో ఉంది. చెవుల్లో పాటలు పెట్టుకుంది."

"తియ్యమను."

"వద్దక్కా. పండగ చెడగొట్టకు."

"ఏం చెప్పావురా దానికి?"

"బయల్దేరే రోజు ఏడుపు ఆపలేదు. సామానంతా కారెక్కించాం, ఇది మెట్ల మీంచి లేవదు. సరే, ఇల్లు సర్దడానికి అత్త వస్తుంది, పిల్లిని అత్త పెంచుకుంటుంది అన్నా."

"నా పేరు చెప్పావా? తర్వాత? ఎలా ఉందని అడగలేదా?"

"అడిగింది. ఫోటో పంపమను, చూడ్డానికి వెళ్దాం అని ఒకటే నస. నేనేం చెయ్యను?"

"ఏం చేశావు?"

"అదే... పేలు పట్టిందని, నువ్వు భరించలేక... డాక్టరు దగ్గర సూది వేయించేశావని చెప్పా."

"సూదా? నేను... చంపించానని చెప్పావా?"

"చచ్చిపోయిందంటే ఇంక అడగదు కదక్కా. పిల్లలు మర్చిపోతారు."

"అంటే పేలున్నాయని నీకప్పుడే తెలుసు! తెలిసీ దోమలన్నావు, ఎలకలన్నావు! ఒరేయ్, ఈ పేలే నయంరా, ఆకలేసి కుట్టాయి. నువ్వు నా బిడ్డలాంటి దాన్ని నాకు కాకుండా చేశావు!"

"మెల్లిగా మాట్లాడు. వినపడుతుంది."

"పాటలు పెట్టుకుందన్నావుగా?"

"నీ గొంతు... కారు స్పీకర్లోంచి వస్తోందక్కా."

"నాన్నా, కారాపు."

"డీసా, నువ్వూరుకో, పెద్దవాళ్లం మాట్లాడు..."

"కారాపమన్నానా! అత్తా, నేనిక్కడ దిగిపోతున్నా. నువ్వొచ్చి నన్ను తీసుకెళ్తావా?"