కారు బాగుచేసినోడు ముందు సీట్లో కూచోవల్ల

గంగులమ్మ కారు అరిచిందంట. అరవడమంటే హారను కాదు నాయనా, బ్రేకు. కాలు పెట్టి నొక్కితే చాలు, కీఁ... మని ఒకటే కూత, సానరాయి మీద కొడవలి పెట్టినట్టు. వీధిలో పడుకున్న కుక్కలు లేచి అవతలికి పోయేవంట. గంగులమ్మ ఎవరంటే, ఎర్రమిట్టపల్లె కోడలు. ఆ ఊరు కొండమీద ఉండాది. హైస్కూలేమో కనుమ దిగి కింద ఊళ్ళో ఉండాది. నడుమ బస్సు లేదు, అంతా వంకర్లు తిరిగిన దారి. మగపిల్లోళ్ళు సైకిళ్ళు తోసుకుంటానో, లారీలెక్కో పోతారనుకో, ఆడపిల్లలకేమో ఏడో తరగతితో సరి. అట్లాంటిది, గంగులమ్మ పాతకారొకటి కొని, తోలేది నేర్చుకొని, తన కూతురితో పాటు ఊళ్ళో ఆడపిల్లలందర్నీ ఇరికించుకొని పొద్దున్నే దించేది, సాయంత్రం ఎక్కించుకొని వచ్చేది. అంటే ఏమి? ఆ కారు తిరిగితేనే ఆ పిల్లలకు చదువు. అది నిలిచిపోతే వాళ్ళ చదువూ నిలిచిపోయినట్టే. ఈ మాట బాగా మనసులో పెట్టుకోండి, కథంతా దీనిమీదే నడుస్తాది.

సరే, కారు అరస్తా ఉంది కదా. గంగులమ్మ మొగుడు కదిరప్ప, ట్రాక్టరు తోలతాడు. మంచోడే గానీ, తనకు రాని పని ఒకటుందంటే ఒప్పుకోడు. ఆయన ఏమన్నాడంటే, ఏమ్మే, దీనికి మళ్ళా మెకానిక్కు ఎందుకు, మా నాయన బండి ఇరుసు కూతబెడితే ఏం చేసేవాడు, జిడ్డు పూసేవాడు, కూత పోయేది, ఇనుమైతే చాలు ఏదైనా అంతే, అన్నాడంట. అని ముందు చక్రాలు రెండూ ఊడదీసినాడు. చక్రం లోపల ఇనుప పళ్ళెం ఒకటి ఉంటాది, దానికి అటొక బిళ్ళ ఇటొక బిళ్ళ. మనం కాలు నొక్కితే ఆ రెండూ వచ్చి పళ్ళేన్ని గట్టిగా పట్టుకుంటాయి. వాటినే ప్యాడ్లంటారు. మన కదిరప్ప ఏం చేసినాడు? పళ్ళేనికీ, ప్యాడ్లకూ ట్రాక్టరు గ్రీజు తీసుకొని, ముద్దలు ముద్దలుగా, పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టు పూసినాడంట. ఏం, నవ్వుతారేంది? మీలో ఎంతమంది చేసుండరు ఆ పని? చక్రాలు బిగించి ఊళ్ళో చదునుగా ఉండే వీధిలో మెల్లగా ఒక తిప్పు తిప్పితే కూత మాయం! ఊరంతా శభాష్ అనింది. కదిరప్ప అరుగు మీద కూచోని మీసం దువ్వుకుంటా ఉన్నాడంట.

మరుసటి రోజు ఏమైందంటే, పిల్లల్ని ఎక్కించుకొని గంగులమ్మ కనుమ దిగతా ఉంది. మొదటి వంకర రాగానే కాలు నొక్కింది. కారు ఆగలా. మళ్ళా నొక్కింది. ఆగలా. జిడ్డు పూసిన చేత్తో చేపను పట్టుకుంటే ఆగతాదా చెప్పండి? వెనకాల పిల్లలు నవ్వుకుంటా పాటలు పాడతా ఉండారు, వాళ్ళకు తెలీదు. గంగులమ్మకు తెలుసు. అయినా బెదిరిపోలా. గేరు తగ్గించింది, చేతి బ్రేకు లాగింది, అది జిడ్డు పూయని వెనక చక్రాలది కాబట్టి కాస్త పట్టింది. రోడ్డు పని కోసం పోసిన ఇసుక కుప్ప కనిపిస్తే, మెల్లగా ముక్కు దాంట్లోకి తోసింది. కారు నిలిచింది. ఏ బిడ్డకూ గీత కూడా పడలా. ఒక టిఫిను డబ్బా సొట్టపోయింది, అంతే.

అయితే ఊరు ఊరుకుంటాదా? అందరికంటే ముందు మద్దిలేటి లేచినాడు. ఆయప్ప బిడ్డ సుగుణ తొమ్మిదో తరగతి, బాగా చదివే పిల్ల. మద్దిలేటి భుజం మీద తువ్వాలు విదిలించి, చాలమ్మీ నీ పుణ్యం, ఇంగ నా బిడ్డ ఆ కారెక్కదు, ఇంట్లో ఉంటే మాకేం తక్కువ, అన్నాడంట. ఆయన అనగానే మిగతా తండ్రులూ అవునవునన్నారు. సుగుణ పుస్తకాల సంచి గూట్లో పెట్టేసి, మొహం అటు తిప్పుకుందంట. అది చూసి గంగులమ్మ మద్దిలేటికి ఎదురుగా పోయి నిలబడింది. మామా, వచ్చే సోమవారం దాకా టైమియ్యి, అనింది. అప్పటికి కారు నిలిచే కారు కాకపోతే నేనే అమ్మేస్తా, అనింది.

ఇంటికి రాగానే కదిరప్ప, నేనే పెట్రోలు పోసి కడిగేస్తాలేమ్మే, జిడ్డు పోతే సరిపోతాది, అన్నాడంట. అప్పుడు మంచం మీది నుంచి గంగులమ్మ అత్త, అదే కదిరప్ప వాళ్ళమ్మ, లేచింది. లేచి ఏమనిందంటే, ఒరే కదిరిగా, మీ తాత కాలంలో మన ఊళ్ళో ఒక కట్టడి ఉండేది. వాలు దిగేటప్పుడు బండి చక్రానికి ఆనించే కొయ్య ఉంటాది చూడు, ఆ కొయ్య ఏ వడ్రంగి కొడితే ఆ వడ్రంగి మొదటి బరువుతో బండి ముందర కూచోని కనుమ దిగవల్ల. దిగినాకనే కూలి. నువ్వు కడుగు, బిగించు, కానీ ముందు సీట్లో కూచోని దిగతావా? అనింది. కదిరప్ప, పొద్దున్నే నాకు దుక్కి ఉంది కదమ్మా, అన్నాడంట! చూసినారా! గంగులమ్మ అత్త చెప్పిన కట్టడిని పట్టుకుంది. కారు ఇసుక కుప్ప దగ్గరే వదిలేసి, కనుమ నడిచి దిగి, కింద ఊళ్ళో ఆటో ఎక్కి టౌనుకు పోయింది.

ముందు షోరూముకు పోయింది. అబ్బో, అద్దాల తలుపులు, చల్లగాలి, కాఫీ. టై కట్టుకున్న పిల్లోడొకడు కుర్చీ వేసి మర్యాదగా అంతా విన్నాడు. పాపం, నిజం కూడా ఒకటి చెప్పినాడు. మేడమ్, ఆ కూత ఊరికే రాదు, ప్యాడు అరిగిపోయిందని మీకు చెప్పడానికే వస్తాది, గ్రీజు తాగిన ప్యాడు కడిగినా పనికిరాదు, మార్చాల్సిందే, అన్నాడు. గంగులమ్మ తల ఊపింది. అరిచి చెప్తా ఉంటే నోరు మూసినామా, అనుకుంది. తర్వాత ఆ పిల్లోడు, మా లారీ వచ్చి కారు తెస్తాది, ముందువీ వెనకవీ అన్నీ మార్చేద్దాం, అయినాక ఫోన్ చేస్తాం, అన్నాడు. నాయనా, పని ఎవరు చేస్తారు, అని అడిగింది. లోపల టెక్నీషియన్లు చేస్తారు మేడమ్, అక్కడికి కస్టమర్లు రాకూడదు, అన్నాడు. సరే, చేసినాయన ముందు సీట్లో కూచోని నాతో కనుమ దిగతాడా? అనింది గంగులమ్మ. ఆ పిల్లోడు నవ్వి, దిగడమెందుకు మేడమ్, గ్యారంటీ కార్డు ఇస్తాం కదా, అన్నాడు. ఆ కార్డు కూచుంటాదా నాయనా సీట్లో? అనింది గంగులమ్మ. కాఫీ మాత్రం పూర్తిగా తాగి, దండం పెట్టి బయటికి వచ్చింది.

అక్కడి నుంచి బైపాసు పక్కన రేకుల షెడ్డు, దస్తగిరి మెకానిక్కు. నోరు పెద్దది. ఏ కారు పోయినా దాని శబ్దం విని జాతకం చెప్తానంటాడు. గంగులమ్మ మాట ముగించకముందే, అక్కా, ఇదెంత పని, అరగంట, అంటా అలమర్లోంచి ప్యాడ్ల డబ్బా ఒకటి లాగినాడు. దాని మీద పేరూ లేదు, ఊరూ లేదు. అన్నా, ఒక కట్టడి ఉండాది, అనింది గంగులమ్మ. బిగించినోడు ముందు సీట్లో కూచోని కనుమ దిగవల్ల. దస్తగిరి గట్టిగా నవ్వినాడు. మా అమ్మ తోడు, ఎందుకు కూచోను, ఈ దస్తగిరి పనంటే... అంటానే చేతిలో డబ్బా వైపు చూసినాడంట. ఒక్కసారి. మళ్ళా ఇంకోసారి. చూసి, మెల్లగా తీసుకుపోయి అలమర్లో వెనక్కి పెట్టేసినాడంట! అక్కా, నువ్వొక పని చెయ్యి, ఆ షోరూము కౌంటర్లో విడిగా అసలు ప్యాడ్లు అమ్ముతారు, అవి పట్టుకురా, నేను సామాన్ల సంచి తీసుకొని కనుమకే వస్తా, అన్నాడు. గంగులమ్మ నవ్వుకుంది. ఇదేనయ్యా నాకు కావల్సింది, అనుకుంది.

అట్లా కారు నిలిచిన ఆ వంకర్లోనే, ఊరి జనం చుట్టూ నిలబడి చూస్తా ఉంటే పని మొదలైంది. కదిరప్పను కూడా వదల్లేదు. అన్నా, పూసింది నువ్వు, తుడిచేదీ నువ్వే, అని దస్తగిరి ఆయప్ప చేతికి గుడ్డ ఇచ్చినాడు. జిడ్డు పోయేదానికి వేరే మందుంటాది, అది కొట్టీ కొట్టీ, పళ్ళెంలో మొహం కనపడేదాకా తుడిపించినాడంట. పాత ప్యాడ్లు చేతికిచ్చి, ఇదిగో ఇంత పల్చనైతే నాకు ఫోన్ చెయ్యి, చూసేది నీ పని, మార్చేది నా పని, అన్నాడు. కదిరప్ప ఆ ప్యాడును అటూ ఇటూ తిప్పి చూసి, ఓహో, అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం ఊరికి అదే మొదలు.

సోమవారం వచ్చింది. కారు ఊళ్ళో నుంచి బయల్దేరింది. ముందు సీట్లో దస్తగిరి, వెనకాల కదిరప్ప, వాళ్ళమ్మ. దుక్కి ఏమైందిరా అంటే, రేపు దున్నుకుంటాలే, అన్నాడంట. కనుమ మొదటి వంకర్లో ఊరంతా చేరింది. మద్దిలేటి ఏం చేసినాడంటే, భుజం మీది కొత్త తువ్వాలు తీసి రోడ్డుకు అడ్డంగా పరిచినాడు. అమ్మీ, దీన్ని తొక్కకుండా ఆపు చూస్తా, అని పక్కకు జరిగినాడు. కారు వస్తా ఉంది. వాలులో వస్తా ఉంది. దస్తగిరి అంత నోరు గలవాడు పైన కడ్డీ పట్టుకొని కళ్ళు మూసుకున్నాడంట. గంగులమ్మ కాలు పెట్టింది. కూత లేదు, జారడం లేదు, ఎద్దు ముక్కుతాడు లాగితే నిలబడినట్టు నిలబడింది కారు! చక్రం కింద చూస్తే తువ్వాలు అంచు కుచ్చులు గాలికి టైరును తాకుతా ఉండాయంట. దాని మీదికి మాత్రం ఎక్కలా.

మద్దిలేటి వంగి తువ్వాలు తీసుకున్నాడు, దుమ్ము దులిపినాడు, భుజాన వేసుకున్నాడు. వెనక్కి తిరిగి, సుగుణా, సంచి యాడ పెట్టినావు, తెచ్చుకో పో, టైమవతా ఉంది, అన్నాడు. అంతే నాయనా! ఈలలేమి, చప్పట్లేమి, ఆ పిల్లలు ఉరికిన ఉరుకేమి! వాళ్ళు కారులో ఇరుక్కుంటా ఉంటే అత్త దిగి, గంగులమ్మకు దిష్టి తీసింది. దస్తగిరి కళ్ళు తెరిచి, నా పని మీద నాకు నమ్మకమేనక్కా, నీ తోలకం మీదే కొంచెం, అన్నాడంట. అయితే సాయంత్రం కూడా రా, ఎక్కేటప్పుడు చూద్దువు, అనింది గంగులమ్మ.

ఆ సుగుణ ఇప్పుడు కింద ఊళ్ళో కాలేజీ చదవతా ఉంది. అవతలి పల్లెలో ఇంకో కారు కూడా వచ్చింది. షోరూము చెడ్డదని నేను చెప్పలేదు, షెడ్డు మంచిదనీ చెప్పలేదు, ఇంట్లో చేసుకోవద్దనీ చెప్పలేదు. యాడన్నా చేయించుకోండి. చేసినోడిని ముందు సీట్లో కూచుంటావా అని మాత్రం అడగండి, అడిగి, వాడి చేతిలో డబ్బా యాడికి పోతాదో చూడండి. ఇంగ కదిరప్ప గ్రీజు డబ్బా సంగతంటారా, అది వాళ్ళమ్మ మంచం కింద ఉంది. ట్రాక్టరుకు కావాలన్నా, ఎందుకురా అని అడిగి, తానే వెంటపోయి చూసి మరీ ఇస్తాదంట.