గాలి పట్టే బల్ల

మామగారు తలుపులు చేసే మేస్త్రీ. ఎవరు వద్దన్నా వినకుండా కోడలు పదహారు రోజులుగా ఆయన షెడ్డులోనే కూర్చుంది. ఇద్దరి మధ్యా చెక్క మీద డిజైన్లు చెక్కే రౌటర్ యంత్రం, దాని మీద ఆమె కొత్తగా చేసిన బల్ల ఉన్నాయి.

“ఇంక చాలించమ్మాయ్. మధ్యాహ్నానికి లారీ వస్తుంది.”

“రానివ్వండి. వచ్చిన దారినే ఖాళీగా పోతుంది.”

“యంత్రం ఇచ్చేస్తానని మాటిచ్చాను నేను.”

“నన్నడిగి ఇచ్చారా? మీ అబ్బాయినడిగి ఇచ్చారా?”

“వాణ్ణేం అడగను? కంటికి కట్టుతో మంచం మీద ఉన్నాడు! యంత్రంలో తిరిగే కోత బిట్టు వెళ్ళి స్క్రూకి తగిలి, విరిగి, ఆ ముక్క ఎగిరొచ్చి వాడి కంట్లో పడింది. ఇంకా ఈ దయ్యాన్ని పెట్టుకుని ఊరేగమంటావా?”

“కన్నుకి భయం లేదన్నారుగా డాక్టరు. అయినా ఇది దయ్యమేం కాదు. పలక కదలకుండా స్క్రూలు బిగించాం కాబట్టి తగిలింది. అసలు స్క్రూనే లేకపోతే?”

“స్క్రూ లేకపోతే పలకే లేచొచ్చి మొహం పగలగొడుతుంది.”

“గాలి పట్టుకుంటుంది.”

“గాలి!”

“నవ్వండి. నవ్వుతూనే ఆ స్విచ్ వెయ్యండి.”

“నేను వెయ్యను.”

“అయితే నేనే వేస్తాను. కింది పలకలో గళ్ళు గళ్ళుగా గాడులు తీశాను. మధ్యలో కన్నం, కన్నానికి గొట్టం, గొట్టం చివర పాత వాక్యూమ్ క్లీనర్ల మోటార్లు రెండు. పైన ఈ ఎండీఎఫ్ పలక. చెక్కపొడి అదిమి చేసిందే కదా, గట్టి పైపొర గీకేస్తే ఇందులోంచి గాలి దూరుతుంది. పైన ఏం పెట్టినా కిందికి లాగి పట్టేస్తుంది.”

“సరే, పెట్టు మరి.”

“పెట్టాను. స్విచ్ కూడా వేశాను. తొయ్యండి.”

“ఇదిగో, చిటికెన వేలితో తోశాను. జారిపోయింది. చూశావా?”

“ఉండండి.”

“ఏముండేది? పదహారు రోజులు తిండీ తిప్పలూ మానేసి...”

“ఉండండంటున్నానా! మోటారు చప్పుడు వినండి. గొంతు నొక్కినట్టు అరుస్తోంది. పక్కల నుంచి గాలి దూరుతుంటే ఇలా అరవదు. ఎక్కడో మూసుకుపోయింది.”

“ఎక్కడా మూసుకుపోలేదు. నీ లెక్కే తప్పు.”

“నా లెక్క తప్పు కాదు. నిన్న ఇదే పలకని గట్టిగా పట్టుకుంది, నా కళ్ళతో చూశాను. మావయ్యా, నిన్న ఈ బల్ల ఇంత నున్నగా లేదే?”

“నున్నగా ఉంటే తప్పా?”

“మావయ్యా.”

“ఏంటి?”

“ఏం పూశారు దీని మీద?”

“సీలర్. రెండే రెండు కోటింగులు. మధ్యలో ఎమరీ పేపర్ పట్టి.”

“దేవుడా! ఎందుకు?”

“అంచులకి నువ్వే పూశావు కదా. చుట్టూ పూసి పైన పచ్చిగా వదిలేశావు. రేపు ఎవరైనా చూస్తే? మేస్త్రీ కోడలికి పని చేతకాదనుకోరూ?”

“అంచుల్లోంచి గాలి దూరకూడదని అంచులకి పూశాను! పైన గాలి ఆడాలనే వదిలేశాను!”

“నాకేం తెలుసు?”

“నన్నడగొచ్చుగా!”

“సాయం చేద్దామని...”

“ఈ బల్ల వద్దనేది మీరే, లారీని పిలిచేది మీరే, దీనికి సోకులు చేసేదీ మీరేనా?”

“ఇచ్చేసేదైతే మాత్రం? పని పనే. అలా సగంలో వదిలేసింది కనబడితే నా చెయ్యి ఊరుకోదు.”

“అడక్కుండా మంచి చేయడం మీకు అలవాటైపోయింది.”

“ఏమన్నావ్?”

“ఏమీ లేదు. తప్పుకోండి. యంత్రం పెట్టి పైన ఒక్క మిల్లీమీటరు గీకేస్తాను.”

“లారీ...”

“వాకిట్లో నిలబడి హారన్ కొట్టుకోనివ్వండి. కళ్ళద్దాలు పెట్టుకోండి.”

“నేను బయటుంటాను.”

“కుదరదు. ఇక్కడే నిలబడి చూడాలి. ఆ రోజు నుంచి ఇది తిరుగుతుంటే మీరు ఈ ఛాయలకే రావట్లేదు. నేను లేనప్పుడు మాత్రం సీలర్ డబ్బాతో వస్తారు.”

“సరే, పెట్టుకున్నాను. కానివ్వు.”

పావుగంట సేపు యంత్రం రొదలో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. అది ఆగేసరికి ఇద్దరి తలల మీదా చెక్కపొడే.

“పొడి ఊడ్చేశారా? ఇప్పుడు పలక పెట్టండి. ఖాళీ ఉన్నచోట ఆ రెగ్జిన్ ముక్కలు పరవండి, అటు నుంచి గాలి దూరకుండా. అదీ. స్విచ్ వెయ్యండి.”

“నేనా?”

“మీరే.”

“వేశాను.”

“తొయ్యండి. చిటికెన వేలు కాదు, రెండు చేతులూ వెయ్యండి. భుజం ఆనించండి. తలుపులు మోసిన భుజమే కదా!”

“కదలట్లేదు.”

“ఏంటి? వినపడలేదు.”

“కదలట్లేదమ్మాయ్! అతుక్కుపోయింది. ఒక్క స్క్రూ లేదు, ఏమీ లేదు!”

“అయితే ఫోన్ తియ్యండి. లారీ వాళ్ళకి రావద్దని చెప్పండి.”

“చెప్పలేను.”

“ఇంకా ఏంటి అడ్డం?”

“నీ బల్ల బంగారంలా ఉంది. అడ్డం అది కాదు. ఆ రోజు... ఆ రోజు వాడు చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు. పలక మధ్యలో ఉబ్బి ఉంది. ఒక్క స్క్రూ వేస్తే కూర్చుంటుంది కదా అని...”

“మావయ్యా, వద్దు.”

“చెప్పనీ. వేశాను. వాడికి చెప్పడం మరిచిపోయాను. వాడొచ్చి యంత్రం తిప్పేశాడు. తర్వాత అందరూ వాడిదే మతిమరుపన్నారు, వాడూ అవునన్నాడు. నేను నోరెత్తలేదు. కన్నకొడుకు కన్ను పోగొట్టబోయానమ్మా. ఇది ఎదురుగా ఉంటే నేను ఈ షెడ్డులో నిలబడలేను. తీసుకుపోనీ.”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“పలక మధ్యలో స్క్రూ వేసేది నాన్న ఒక్కడే అని ఆసుపత్రిలో మొదటి రోజే చెప్పారు ఆయన. తనకి తెలుసని తెలిస్తే మీరు మళ్ళీ పనిముట్టు ముట్టరని, తప్పు తన మీద వేసుకున్నారు. ఈ బల్ల మీ అబ్బాయి కోసం చేశాననుకున్నారా? మీకోసం చేశాను. రేపటి నుంచి దీని మీద పలక పెట్టేది మీరే.”