కౌంటరు వెనుక అరలో ఉన్న చట్టం

1989 ఏప్రిల్ ఒకటో తేదీన శ్రీ కురమోచి తత్సుహికో గారు మా న్యాయశాస్త్ర విభాగంలో న్యాయతత్త్వ ఉపన్యాసకులుగా అడుగుపెట్టారు. ముప్పై సంవత్సరాల అధ్యాపనానంతరం ఈ మార్చి ముప్పై ఒకటిన పదవీ విరమణ చేస్తున్న ఆ పెద్దమనిషిని గురించి రాసే అవకాశం, హైస్కూలు మధ్యలో మానేసి ఇక్కడ జిరాక్సు గదిలో చేరిన నాకు దక్కింది.

తొలి పదేళ్లు వారు పరదేశ తత్త్వవేత్తల గ్రంథాలు బోధించారు. ఆచార్యులైన తరువాత, జపాన్ చట్టం అసలు ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నతో విద్యార్థులను ప్రభుత్వ కౌంటర్ల వద్దకు నడిపించారు. ఏ నియమమైనా చెల్లాలంటే, దాన్ని నియమంగా గుర్తించే మరొక నియమం వెనుక ఉండాలని, మన దేశంలో అది తరచుగా గుమాస్తా వెనుక అరలోని సర్క్యులర్ల ఫైలులో ఉంటుందని వారి సిద్ధాంతం. ఆ పాఠాలకు కాపీలు తీసింది నేనే. అవి నాకు అర్థమైంది మాత్రం 2016 ఫిబ్రవరిలో.

అప్పటికి నా కూతురు మినోరికి నాలుగు నెలలు. విడాకులైన మూడు వందల రోజుల లోపు పుట్టింది కనుక, చట్టం దృష్టిలో ఆమె నా మాజీ భర్త బిడ్డే. పుట్టుకను అతని పేరిట నమోదు చేయిస్తే నన్ను కొట్టిన ఆ మనిషికి మా జాడ తెలుస్తుందన్న భయంతో ఆగిపోయాను. ఏ పట్టికలోనూ పేరు లేని బిడ్డకు టీకా పిలుపు రాదు. పాపకు తండ్రి అతను కాదని తేల్చమంటూ కుటుంబ న్యాయస్థానంలో దరఖాస్తు పెట్టి, పేరు నివాస పట్టికలో రాయమని ఆ రసీదుతో వార్డు కార్యాలయానికి రెండుసార్లు వెళ్లి వట్టి చేతులతో వచ్చాను.

మూడోసారి మాస్టారు తోడు వచ్చారు. వస్తూనే పన్నుల కౌంటరు టోకెను తీసుకుని ఇరవై నిమిషాలు గంభీరంగా కూర్చున్నారు, కౌంటర్ల మీద పుస్తకం రాసిన మనిషి! అసలు కౌంటరులోని అమ్మాయి ఎప్పటిలాగే కుదరదంది. మాస్టారు నా వైపు వంగారు.

"కుదరదని ఏ కాగితంలో ఉందో చూపించమను తల్లీ, అంతే."

అలాగే అడిగాను. ఆమె మాస్టారిని చూసి, మీరు పాప తాతగారా అంది.

"కాదమ్మా, టోకెను తప్పు తీసుకున్నవాణ్ణి."

ఆమె నవ్వాపుకుని ఫైలు తేవడానికి వెళ్లింది. కాదన్న కాగితం దొరకలేదు. న్యాయస్థానంలో దరఖాస్తు నడుస్తుండగా బిడ్డ పేరు నివాస పట్టికలో రాయవచ్చునన్న ఎనిమిదేళ్ల నాటి సర్క్యులరు దొరికింది. ఆమె నడుం వంచి క్షమాపణ చెప్పి, మినోరి పేరు అప్పటికప్పుడే రాసింది. మాస్టారు ఆ ఫైలు ఏ రంగులో ఉందో తమ నోటు పుస్తకంలో రాసుకున్నారు.

మూడేళ్లలో, బడిలో చేరమంటూ వార్డు నుండి మినోరి పేరిట ఉత్తరం రావాలి. వస్తుందో రాదోనని ఇప్పటి నుంచే నాకు బెంగ. రాకపోతే ఏమని అడగాలో మాత్రం తెలుసు. శ్రీమతి సయోకో గారి సాహచర్యంలో కురమోచి గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు ఉండాలని, ఆ ఉత్తరం మీది తన పేరును మా మినోరి స్వయంగా చదివి వారికి వినిపించాలని మనసారా కోరుకుంటున్నాను.

— హిరోనాకా కసుమి, విభాగ కార్యాలయం