చీకటి దొరసాని ముఖం

కామిక్సు పత్రిక ఆఫీసు, మధ్యాహ్నం. పెన్సిల్ బొమ్మల మీద సిరా దిద్దే పెద్దాయన ఒక బల్ల దగ్గర. ఎదుటి బల్ల దగ్గర, ఐదు నెలల కిందట పోయిన తండ్రి కుర్చీలో, ఆయన పని అందుకున్న కూతురు.

"చంపుతా బాబాయ్. ఈ సంచికలో చీకటి దొరసానిని చంపి తీరతా."

"చంపమనే కదా ఎడిటర్ గారు చెప్పింది. దానికి పళ్లు కొరకడం దేనికి?"

"చంపేముందు ముసుగు తీస్తా."

"ముసుగెందుకులే అమ్మా ఇప్పుడు..."

"ఎందుకేంటి? పాతికేళ్లుగా పాఠకులు ఉత్తరాలు రాస్తున్నారు, ఒక్కసారి ముఖం చూపించండి మహాప్రభో అని. చూపిస్తా. మా అమ్మ ముఖం పెడతా."

"నెమ్మదిగా. పక్క గదిలోకి వినపడుద్ది."

"విననీ. నాలుగేళ్ల పిల్లని వదిలేసి పోయిన మనిషికి విలన్ ముఖం కాక ఏం ముఖముంటుంది? నాన్న ఇన్నేళ్లు ఈ దొరసానిని ఎందుకు గీశాడనుకున్నావ్? కడుపుమంట. నోటితో ఒక్క మాట అనలేక బొమ్మల్లో కక్కాడు పాపం."

"గుర్తుందా నీకా ముఖం?"

"మర్చిపోతానా? కళ్లు మూసుకుని గీస్తా."

"టీ చెప్పనా?"

"మాట మార్చకు. ఇదిగో, దొరసాని అవతారాలు ఐదూ పరిచా. నాన్న పంతొమ్మిది పేజీలు పూర్తిచేసి పోయాడన్నావు కదా, నా ఆఖరి పేజీ వాటికి అతకాలంటే గీత పట్టుకోవాలి. మొదటిది చూడు. పిల్లి ముసుగు, నల్ల దుప్పటి, బ్యాంకు దొంగ."

"దుప్పటి కాదు, అంగీ. ఆ నలుపు నింపలేక నా వేళ్లు పడిపోయాయి."

"రెండోదాంట్లో శాస్త్రవేత్త. గాజు హెల్మెట్, ఊరంతా మంచుగడ్డ. మూడోదాంట్లో ఏదో గ్రహానికి రాణి, ఇనప ముసుగు. నాలుగోదాంట్లో మంచిదైపోయి మన హీరో పిడుగన్నతో చేతులు కలిపింది."

"ఆరు నెలలు. పాఠకులు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు."

"ఐదోదాంట్లో ముసలిది, జైల్లో, మొహమంతా గుడ్డ చుట్టుకుని. కథ మొదట్నుంచి చెప్పినప్పుడల్లా పుట్టుక మారింది, ఊరు మారింది, గొంతు కూడా మారింది. ఒక్కటే మారలేదు."

"ఏంటది?"

"జనంలో పిల్ల."

"ఏ పిల్ల?"

"సిరా దిద్దింది నువ్వే, ఏ పిల్లంటావేంటి? పారిపోయే జనంలో రెండు జడల పిల్ల. దొరసాని అందర్నీ చితక్కొడుతుంది, ఆ పిల్ల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. మొదటి అవతారంలో సగం నుంచి కనపడుతుంది, నాలుగేళ్లుంటాయి. రెండోదాంట్లో బడి సంచి. మూడోదాంట్లో సైకిలు. నాలుగోదాంట్లో చేతిలో డిగ్రీ పట్టా. ఐదోదాంట్లో చంకలో బిడ్డ. అది నేనే కదా?"

"అయ్యుండొచ్చు."

"కాదు. నాకు జడలెక్కడివి? నాన్నకి జడ వెయ్యడం రాదు. అమ్మ వెళ్లిపోయిన వారానికే చిక్కులు తియ్యలేక క్రాఫ్ కొట్టించాడు. ఇప్పటికీ ఇంతే. సైకిలు తొక్కడం రాదు నాకు. పెళ్లే కాలేదు, చంకలో బిడ్డేంటి? నాన్న గీసుంటే క్రాఫే గీసేవాడు. రోజూ చూసేవాడు కదా నన్ను."

"బొమ్మలేసేవాళ్ల ఊహలమ్మా, అవి ఎటైనా..."

"ఈ తారీఖు కూడా ఊహేనా?"

"ఏ తారీఖు?"

"పంతొమ్మిదో పేజీ, కింద మూల, నీలం పెన్సిల్. గీసిన రోజు తారీఖు వేసుకోవడం ఇక్కడ అందరికీ అలవాటు. సిరా అయ్యాక నువ్వు చెరిపేస్తావు. ఇది చెరపలేదు."

"మిగతా పద్దెనిమిదీ చెరిపానే. ఇదొక్కటి కంటికి ఆనలేదు. అద్దాలు మార్చుకోవాలి."

"జూన్ పన్నెండు. నాన్న పోయింది ఫిబ్రవరిలో, బాబాయ్."

"ఏదీ, ఇటివ్వు చూద్దాం."

"ఎవరు గీశారు? బాబాయ్, నిన్నే."

"నన్నలా పిలవకమ్మా."

"ఏం?"

"మాటలొచ్చిన కొత్తలో నువ్వు నన్ను మామయ్యా అనేదానివి. మీ అమ్మ నన్ను అన్నయ్యా అనేది మరి. తను వెళ్లాక మీ నాన్న బాబాయ్ అని మార్పించాడు. పిలుపులో కూడా ఆమె వైపు ఏదీ మిగలకూడదని."

"ఆవిడ గీసిందా ఇవి?"

"దొరసాని ఎప్పుడూ ఆమెదే. మీ నాన్నకి పిడుగన్న వచ్చు, మేడలొచ్చు, దొరసాని ఎంత గీసినా రాలేదు. ఈ రెండు బల్లల మీదే ఎదురెదురుగా కూర్చుని గీసేవాళ్లు. ఇద్దరి నోళ్లూ మంచివి కావు. ఒకరోజు మాటా మాటా పెరిగి వెళ్లిపోయింది. నెల తిరక్కుండా వెనక్కొచ్చింది. మీ నాన్న తలుపు తియ్యలేదు."

"వచ్చిందా?"

"మూడుసార్లు. మూడోసారి నేనూ మీ ఇంట్లోనే ఉన్నా. నువ్వు లోపల నిద్రపోతున్నావు. నేనూ తియ్యలేదు."

"నువ్వు కూడా?"

"నేను కూడా."

"మరి ఈ బొమ్మలు?"

"దొరసాని సరిగ్గా లేని పుస్తకం ఎవడూ ముట్టుకోలేదు. అప్పుడు మీ నాన్న నాచేత కబురు పెట్టించాడు. పోస్టులో పంపాలి, పేరు వెయ్యం, పిల్లకి ఉత్తరం రాయకూడదు, కంటపడకూడదు. అన్నిటికీ సరేనంది. తను అడిగింది ఒక్కటే. జనంలో ఒక పిల్లని గీసుకుంటా, చెరపొద్దని."

"నా గురించి ఏమీ తెలియకుండా..."

"ఏం తెలుసు? ఆఖరిసారి చూసినప్పుడు రెండు జడలు. ఆ జడలే పెంచుకుంటూ పోయింది."

"క్రాఫ్ అని ఒక్క ముక్క చెప్పలేకపోయావా నువ్వు? ఇన్నేళ్లలో!"

"ప్రతి పుస్తకానికీ అనుకున్నా. పోనీ నేనే ఆ జడలు తీసేద్దామా అనీ అనుకున్నా. చెయ్యి రాలేదు."

"అడ్రసివ్వు. ఇప్పుడే వెళ్తా. ముందు కడుపారా తిడతా, తర్వాత నా జుట్టు చూపిస్తా. ఇవ్వవేం?"

"ఈ పేజీల కట్ట తను పంపింది కాదమ్మా. తను అద్దెకున్న ఇంటివాళ్లు పంపారు. పద్దెనిమిది రోజులైంది."

"కట్ట వచ్చి పద్దెనిమిది రోజులా?"

"కాదు."

"మరి దేనికి పద్దెనిమిది రోజులు?"

"పంతొమ్మిదో పేజీ గీసిన వారానికి మీ అమ్మ పోయింది."

"వారానికా?"

"ఏడువు తల్లీ. నేను తలుపేస్తా, ఎవరూ రారు."

"వద్దు. తలుపు మాత్రం వెయ్యకు."

"సరే. సరే."

"నాన్న లేడని తెలుసా ఆవిడకి?"

"నేనే రాశా."

"మరి రావచ్చుగా! అడ్డెవరున్నారని?"

"ఈ పుస్తకం అయ్యాక వస్తానంది. పాతికేళ్ల తర్వాత ఖాళీ చేతుల్తో ఎలా వస్తానన్నయ్యా అంది. ఇరవయ్యో పేజీ కూడా ఉంది. నీకివ్వడానికి ధైర్యం చాలక సొరుగులో పెట్టా."

"ఇవ్వు."

"ఇదిగో."

"దొరసాని పడిపోయింది. ముసుగు పక్కన పడుంది. తల ఎవరో ఒళ్లో పెట్టుకున్నారు... రెండు జడలు. నేనే."

"నువ్వే."

"ముఖం గియ్యలేదేం? ఖాళీగా ఉంది."

"కింద నీలం పెన్సిల్‌తో రాసింది చూడు. అది చెరపను."

"'ముఖం నువ్వు గియ్యమ్మా. నీకెలా గుర్తుంటే అలా.' నీ దగ్గర ఫోటో ఉందా?"

"అప్పట్లో మీ నాన్న అడిగితే ఇచ్చేశా. అన్నీ చింపేశాడు."

"అయితే నువ్వు గియ్యి. నువ్వు చూశావుగా!"

"ఉన్న గీత మీద సిరా వెయ్యడమే నాకొచ్చు. లేని గీత రాదు తల్లీ. నువ్వే గియ్యి. కళ్లు మూసుకుని గీస్తానన్నావుగా ఇందాక."

"అబద్ధం చెప్పా మామయ్యా. కళ్లు మూసుకుంటే నాకు ముసుగే కనపడుతుంది."